పాత పడవకి ఎంత ఇంజన్, ఏ ఫ్యాను: మా శబరి ఒడ్డు నుంచి ఒక చరిత్ర



ఈ పోస్టు పొడుగ్గానే ఉంటది, తీరిగ్గా చదవండి. కిందటి నెల గ్రూపులో ఒక ఫోటో పెట్టాం, గుర్తుందా? ఒడ్డు మీద బోర్లించిన నాటు పడవ, పక్కన గోనె సంచిలో చుట్టిన మోటారు. "ఏమైంది బావా, మునిగిందా?" అని చాలామంది అడిగారు. అవును, సగం మునిగింది. ఎందుకు మునిగిందో తెలుసుకుందామని కూర్చుంటే కథ ఎక్కడెక్కడికో పోయింది. అదంతా ఇక్కడ రాస్తున్నాం.

మా ఊరు కూనవరానికి కొంచెం ఎగువన, శబరి ఒడ్డున. గోదావరి పొంగితే శబరి నీళ్ళు కిందికి పోవు, ఎగపోటు తన్ని మా మీదికే వస్తాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరినప్పుడు మా రోడ్డు రోజుల తరబడి నీళ్ళ కింద ఉంది. అంతకన్నా పెద్దది 1986 ఆగస్టుది, 75.6 అడుగులు. దాని గురించి తాతలు ఇప్పటికీ చెప్తారు. 2022లో మా దగ్గర ఉన్నది ఆ ఒక్క నాటు పడవే. ఒక బాలింతని అవతలి గట్టుకి చేర్చడానికి నలుగురు తెడ్లు వేస్తే రెండున్నర గంటలు పట్టింది. తల్లీబిడ్డా బాగానే ఉన్నారు, అది వేరే సంగతి. కానీ ఆ రెండున్నర గంటలు మర్చిపోలేక ఊళ్ళో కుర్రాళ్ళం అందరం చందాలు వేసుకుని, సముద్రపు ఒడ్డున ఉన్న తెలిసినవాళ్ళ ద్వారా ఒక పాత మోటారు కొన్నాం. 25 హెచ్‌పీ. పెద్దదే కదా, వరదలో పనికొస్తది అనుకున్నాం.

చలికాలంలో, నీళ్ళు నెమ్మదిగా ఉన్నప్పుడు పరీక్ష పెట్టాం. వెనక ముగ్గురం కూర్చున్నాం. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పగానే పడవ ముక్కు ఆకాశానికి లేచింది, వెనక కొస నీళ్ళలోకి దిగిపోయింది, మా వీపుల వెనక నుంచి నీళ్ళు లోపలికి వచ్చేశాయి. అందరికీ ఈత వచ్చు కాబట్టి బతికాం. ఒడ్డున మా మామయ్య ఒకాయన ఉన్నాడు, వయసులో గోదావరి లాంచీల మీద కళాసీగా చేసినవాడు. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "పడవని అడక్కుండా ఇంజన్ తెచ్చార్రా" అన్నాడు, అంతే.

పడవని ఎలా అడగాలి? ఆ ప్రశ్నతోనే సెలవల్లో మేం నలుగురం కూర్చుని చదవడం మొదలుపెట్టాం.

మొదట మన నది సంగతే చూద్దాం. గోదావరి మీద ఇంజన్ కొత్తేం కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847 నుంచి 1852 దాకా కట్టారని స్కూల్లో చదివాం. ఆర్థర్ కాటన్ ఆలోచన అక్కడితో ఆగలేదు. ఎగువన మధ్య ప్రాంతాల్లో పండే పత్తిని ఆవిరి పడవల మీద సముద్రం దాకా తేవాలన్నది ఆయన కల. దారిలో మూడు చోట్ల రాతి అడ్డంకులున్నాయి. మొదటిది మన దుమ్ముగూడెం దగ్గరే. హేగ్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో అక్కడ ఆనకట్ట, కాలవ, లాకులు కట్టారు. ఏళ్ళ తరబడి డబ్బు పోసి, జ్వరాలతో తిప్పలు పడి, చివరికి 1871లో ఆ పథకాన్నే వదిలేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం మిగిలింది. మనలో చాలామందిమి దాని మీద నిలబడి ఫోటోలు దిగినవాళ్ళమే.

ఎందుకు వదిలేశారంటే చాలా కారణాలు చెప్తారు. పడవ వైపు నుంచి చూస్తే మాత్రం ఒకటే చిక్కు కనిపిస్తది. గోదావరిలో పడవకి సరిపడా లోతు ఉండేది వరద నెలల్లో. ఆ నెలల్లోనే ప్రవాహం మహా వేగంగా ఉంటది. ప్రవాహానికి ఎదురెళ్ళాలంటే పెద్ద ఇంజన్ కావాలి. పెద్ద ఇంజన్ పెడితే బరువెక్కి పడవ లోతుగా దిగుతది. లోతుగా దిగే పడవ ఎండాకాలం ఇసుక తిన్నెల మీద పనికిరాదు. కాటన్ దొర ఆవిరి పడవకీ, మా ఊరి నాటు పడవకీ ఉన్న చిక్కు ఇదొక్కటే. నూట యాభై ఏళ్ళ తర్వాత మేమూ సరిగ్గా అక్కడికే వచ్చి పడ్డాం.

ఇక ఫ్యాను. ప్రొపెల్లర్‌ని మన దగ్గర ఫ్యాను అనే అంటాం కాబట్టి మేమూ అలాగే రాస్తాం. దీని పుట్టుక కథ మాకు భలే నచ్చింది. 1836లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అనే రైతు దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఇంజనీరు కాదు, రైతు. అదే ఏడాది కొన్ని వారాల తేడాతో జాన్ ఎరిక్సన్ అనే స్వీడన్ ఇంజనీరు కూడా తన సొంత నమూనాకి తీసుకున్నాడు. స్మిత్ చేసిన ఫ్యాను మనం ఇప్పుడు చూసే రెక్కల్లా ఉండదు. కర్రతో చేసిన పొడవాటి మర, బోల్టు మీద మర ఉన్నట్టు రెండు పూర్తి చుట్లు. ఆ మర నీళ్ళని గట్టిగా కరిచి పట్టుకుంటదని, ఎన్ని చుట్లుంటే అంత మంచిదని ఆయన అనుకున్నాడు. 1837లో లండన్ దగ్గర ప్యాడింగ్టన్ కాలవలో పరీక్ష చేస్తుంటే ఏదో తగిలి మర సగం విరిగిపోయింది. ఒకటే చుట్టు మిగిలింది. పడవ ఆగిపోవాలి కదా? ఆగలేదు, ముందుకన్నా వేగంగా పోయింది!

మేం చేసిన తప్పూ స్మిత్ తప్పు లాంటిదే. ఎక్కువుంటే ఎక్కువ వస్తదని అనుకోవడం. ఆయనకి విరిగిన కర్ర బుద్ధి చెప్పింది, మాకు చలికాలపు శబరి చెప్పింది.

తర్వాత 1845లో బ్రిటిష్ నౌకాదళం ఫ్యాను మంచిదా, పక్క చక్రాలు మంచివా అని తేల్చడానికి రెండు ఓడల్ని వెనక వెనక తాడుతో కట్టి లాగించింది. దాదాపు ఒకే బలం ఉన్న ఓడలు. ఫ్యాను ఉన్న రాట్లర్, చక్రాలున్న అలెక్టోని వెనక్కి ఈడ్చుకుపోయింది. మన ఊళ్ళలో జాతరప్పుడు తాడు లాగుడు పోటీ పెట్టినట్టే. అప్పట్నుంచి చక్రాల కాలం మెల్లగా పోయింది.

ఇవన్నీ పెద్ద ఓడల కథలు. చిన్న పడవకి వెనక తగిలించుకునే మోటారు రావడానికి ఇంకో అరవై ఏళ్ళు పైనే పట్టింది. అమెరికాలో కామెరూన్ వాటర్‌మన్ అనే లా విద్యార్థి మోటార్ సైకిల్ ఇంజన్ చూసి, దీన్ని పడవకి ఎందుకు తగిలించకూడదు అనుకుని 1905 ప్రాంతంలో ఒకటి చేశాడు. విద్యార్థి అన్న మాట గమనించండి, మనకీ ఆశ ఉంది. ఎక్కువ పేరు మాత్రం ఓలే ఎవిన్‌రూడ్‌కి వచ్చింది. నార్వేలో 1877లో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వచ్చిన రైతు బిడ్డ. పెళ్ళి చేసుకోబోయే బెస్ అనే అమ్మాయి ఎండలో ఐస్‌క్రీమ్ అడిగితే, చెరువు దాటి తెడ్లు వేసుకుంటూ వెళ్ళి తెచ్చేసరికి కరిగిపోయిందనీ, ఆ కోపంతోనే మోటారు చేశాడనీ కథ. కథ సంగతి ఎలా ఉన్నా మోటారు మాత్రం నిజం. 1909లో తయారైంది. బలం ఒకటిన్నర హెచ్‌పీ, బరువు 62 పౌండ్లు, అంటే 28 కిలోలు. ఇనుము, ఇత్తడి. వ్యాపారం, లెక్కలు, ఉత్తరాలు అన్నీ బెస్ చూసుకుంది. తెడ్లు పారేయండి అనే ప్రకటన రాసింది ఆవిడే అంటారు. తెడ్లు పారేయమన్న మాట దగ్గర మాత్రం మాకు ఆవిడతో పేచీ ఉంది, అది చివర్లో చెప్తాం.

ఒక్కసారి ఆ అంకె మళ్ళీ చూడండి. ఒకటిన్నర హెచ్‌పీ. పన్నెండేళ్ళ తర్వాత, 1921లో, ఆ భార్యాభర్తలే అల్యూమినియం వాడి ఎల్టో అనే తేలిక మోటారు తెచ్చారు. అది 48 పౌండ్లు, 3 హెచ్‌పీ. ప్రపంచంలో తెడ్డు పడవలు మోటారుకి మారింది ఈ బలంతోనే. అప్పటి పడవలన్నీ తెడ్డుతో నడవడానికి చెక్కినవి. సన్నటి పొట్ట, గుండ్రటి అడుగు, రెండు కొసలూ మొనతేలి ఉంటాయి. తెడ్డు వేసే మనిషి బలం ఎంతసేపూ ఒక హెచ్‌పీలో చిన్న భాగమే. అలాంటి పడవకి ఒకటిన్నర అంటేనే చాలా ఎక్కువ. మేం 25 పెట్టాం.

ఇక్కడ మన లాంటి వాళ్ళ కథ ఒకటి వస్తది. కెనడాలో జేమ్స్ బే తీరాన క్రీ ఆదివాసులు ఉన్నారు. వాళ్ళ పడవలు కూడా రెండు కొసలూ మొనతేలినవే. మోటారు వచ్చాక దాన్ని ఎక్కడ తగిలించాలి? మొదట్లో పక్కకి ఒక అడ్డకర్ర కట్టి దానికి చిన్న మోటారు తగిలించేవాళ్ళు. అది పడవని ఒక పక్కకి వంచుతది, ఎప్పుడూ ఒక వైపుకే తిప్పుతుంటది. తర్వాత పడవ ఆకారమే మారింది. వెనక కొస కోసేసి చదరంగా చెక్క బిగించి, వెడల్పు పెంచి, బరువు మోసే పడవలు చేశారు. రూపర్ట్ హౌస్ అనే ఊళ్ళో వీటిని చేసే కార్ఖానా చాలా ఏళ్ళు నడిచింది. దేవదారు చెక్క, పైన కాన్వాసు గుడ్డ. వాళ్ళు మోటారుని పాత పడవకి బలవంతంగా తగిలించలేదు, మోటారు కోసం పడవనే మార్చుకున్నారు. వేట కుటుంబాలు సామానుతో సహా తిరగడానికి అవే పనికొచ్చాయి.

అమెజాన్ నది మీద పెరూ దేశపు ఆదివాసులు ఇంకో దారి పట్టారు. వాళ్ళ మోటారు పేరు పెకె పెకె. ఆ శబ్దం చేస్తది కాబట్టి ఆ పేరు. మన పొలాల్లో నీళ్ళు తోడే ఇంజన్ లాంటి చిన్న ఇంజన్, దానికి పొడవాటి రాడ్డు, రాడ్డు చివర చిన్న ఫ్యాను. ఇంజన్ పడవలోనే ఉంటది, రాడ్డు వెనక నీళ్ళ మీద వాలుగా సాగుతది. నీళ్ళు తక్కువైతే ఇంజన్ని చేత్తో నొక్కితే ఫ్యాను పైకి లేస్తది. థాయిలాండులో కూడా ఇదే పద్ధతి. మన ఆంధ్రా తీరంలో ఫైబర్ తెప్పల మీద లాంగ్ టెయిల్ అని డీజిల్ ఇంజన్లు వాడతారు, అదీ ఇదే జాతి. ధర తక్కువ, డీజిల్ తక్కువ తాగుతది, పంపుసెట్లు బాగుచేసే ఏ మెకానిక్ అయినా బాగుచేస్తాడు. రివర్స్ ఉండదు, మోత ఎక్కువ, బయట తిరిగే రాడ్డు దగ్గర పిల్లలుంటే ప్రమాదం.

కేరళ కథ చదువుతుంటే మాకు కొంచెం భయమేసింది. 1952లో నార్వే దేశంతో ఒప్పందం చేసుకుని, 53లో నీండకర దగ్గర ఇండో నార్వేజియన్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. మొదట అనుకున్నది ఉన్న పాత పడవలకే లోపల ఇంజన్ బిగించాలని. కుదరలేదు. ఒడ్డు మీదికి లాగే ఆ పడవలకి లోపలి ఇంజను, కింద ఫ్యాను సరిపడలేదు. చివరికి కొత్త రకం పడవలు కట్టే వైపు వెళ్ళిపోయారు, పాత పడవల వాళ్ళు పాత పడవల్తోనే మిగిలారు. 1980 ప్రాంతంలో అలప్పుళ జిల్లా పురక్కాడ్ లాంటి చోట్ల వెనక తగిలించే మోటార్లు వచ్చాక ఆ పాత పడవల వాళ్ళు ఒక్కసారిగా అటు మళ్ళారు. మొదట 7, 8 హెచ్‌పీ. పక్కవాడు 15 పెడితే మనమూ 15. తర్వాత 25, తర్వాత 40. పెద్ద వల పడవలకి ఒకటి కాదు, రెండు మూడు మోటార్లు. కిరోసిన్‌తో నడిచేవి కాబట్టి రేషన్ కిరోసిన్ చాలక బయట ఎక్కువ ధరకి కొన్నారు. అప్పులు. సముద్రంలో చేప పెరగలేదు, ఇంజన్ పెరిగింది. మేం కొన్న 25 హెచ్‌పీ మోటారు కూడా ఆ పోటీలోంచే బయటపడ్డ సరుకు అయి ఉంటదని మా అనుమానం. తేలికైన ఫైబర్ పడవ మీద అలల్ని కోసుకుంటూ పరిగెత్తడానికి అమర్చిన మోటారు అది.

ఇప్పుడు మా మామయ్య మాట దగ్గరికి వద్దాం. పడవని ఎలా అడగాలి?

దీనికి జవాబు చెప్పింది విలియం ఫ్రౌడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. 1860, 70లలో చిన్న చిన్న నమూనా పడవల్ని నీళ్ళలో లాగి చూశాడు. మీరు కూడా రేవులో గమనించి ఉంటారు, పడవ నడిస్తే ముక్కు దగ్గర ఒక అల, తోక దగ్గర ఒక అల లేస్తాయి. వేగం పెరిగేకొద్దీ అలల మధ్య దూరం పెరుగుతది. ఆ దూరం పడవ పొడవుతో సమానం అయ్యాక పడవ తన అల గుంటలోనే తను కూర్చుంటది. ఇంకా వేగం కావాలంటే తన అలనే తను ఎక్కాలి. తేలికగా, చదునుగా ఉన్న ఫైబర్ బోటు ఎక్కేస్తది, నీళ్ళ మీద జారుకుంటూ పోతది. బరువైన, గుండ్రటి పొట్ట ఉన్న నాటు పడవ ఎక్కలేదు. ఇంకా బలం పెడితే ముక్కు లేచి తోక మునుగుతది. మాకు జరిగింది అక్షరాలా అదే.

లెక్క చాలా చిన్నది. నీటి మట్టం దగ్గర పడవ పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే నాట్లలో గరిష్ఠ వేగం వస్తది. మా పడవ మొత్తం 20 అడుగులు, నీటి దగ్గర 18. వర్గమూలం 4.24. గుణిస్తే 5.7 నాట్లు, అంటే గంటకి పదిన్నర కిలోమీటర్లు. అంతే. 5 పెట్టినా 50 పెట్టినా మా పడవ మాకిచ్చేది పదిన్నర. ప్రవాహం గంటకి 6 కిలోమీటర్లుంటే ఎదురెళ్ళేటప్పుడు ఒడ్డు లెక్కన నాలుగున్నర కదుల్తాం. ప్రవాహం పది దాటితే ఉన్నచోటే ఉంటాం, డీజిల్ మాత్రం ఖర్చవుతది. అలాంటి రోజు పడవ దింపకూడదు, లేదా ఏటవాలుగా కిందికి జారుతూ దాటాలి. మా తాతలు తెడ్లతో చేసింది అదే. రేవుకి ఎంతో ఎగువన మొదలుపెట్టి, కిందికి కొట్టుకుపోతూ సరిగ్గా రేవులో దిగేవాళ్ళు.

బలం ఎంత కావాలి? మా పడవలాంటి బరువు పడవలకి టన్నుకి 2 నుంచి 4 హెచ్‌పీ చాలన్నది ఎప్పట్నుంచో ఉన్న అంచనా. మా పడవ 400 కిలోలు, పదిమంది మనుషులు 600, బియ్యం బస్తాలు, సామాను 200. మొత్తం 1.2 టన్ను. అంటే 5 హెచ్‌పీ సరిపోతది. వరదకి, ఎదురుగాలికి కొంత మిగులు ఉంచుకుంటే 8, మహా అయితే 10.

ఫ్యాను సంగతి దీనికన్నా ముఖ్యం, కొనేవాళ్ళు అడగనిది కూడా ఇదే. ఫ్యానుకి రెండు అంకెలుంటాయి. మొదటిది ఎంత వెడల్పు. రెండోది పిచ్, అంటే నీళ్ళు మెత్తటి చెక్కలా ఉంటే ఫ్యాను ఒక చుట్టులో ఎన్ని అంగుళాలు ముందుకు తొలుస్తుందో అది. స్మిత్ మర గుర్తు తెచ్చుకోండి. మా 25 హెచ్‌పీ ఫ్యాను బొడ్డు మీద 13 అని చెక్కి ఉంది. ఇంజన్ నిమిషానికి 5500 చుట్లు తిరిగితే, లోపలి గేరు దాన్ని రెండో వంతుకి తగ్గిస్తది, సరిగ్గా చెప్పాలంటే 2.08తో భాగించాలి. 2644 చుట్లు. ఒక్కో చుట్టుకి 13 అంగుళాలు. గంటకి 52 కిలోమీటర్లు! పదిన్నర దాటని పడవకి 52 కిలోమీటర్ల ఫ్యాను. ఎత్తెక్కే రోడ్డు మీద నిండా బరువేసుకుని, సైకిల్ని టాప్ గేర్లో తొక్కడం ఎలా ఉంటదో ఇదీ అలాగే. ఇంజన్ తన చుట్లు అందుకోలేదు, ముక్కుతది, వేడెక్కుతది, ప్లగ్గు నల్లబడుతది. అదే 7 పిచ్ ఫ్యాను అయితే లెక్క 28 కిలోమీటర్లు. అప్పటికీ ఎక్కువే, కానీ బరువు పడవల మోటార్లకి దొరికే ఫ్యానుల్లో ఇంచుమించు ఆ చివరిదే. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే ఇంజన్ సుమారు 150 నుంచి 200 చుట్లు ఎక్కువ తిరుగుతదని మెకానిక్కుల లెక్క. అందుకని నిండు బరువుతో, ఫుల్ యాక్సిలరేటర్ మీద ఇంజన్ కంపెనీ చెప్పిన చుట్లు అందుకుంటోందా లేదా అన్నది చూసి ఫ్యాను మార్చుకోవాలి. ఖాళీ పడవతో చూస్తే మోసపోతాం.

వెడల్పు మాత్రం ఎంత ఉంటే అంత మంచిది, తిరగడానికి చోటున్నంతవరకు. కొంచెం నీళ్ళని జోరుగా తన్నేకన్నా ఎక్కువ నీళ్ళని నెమ్మదిగా నెట్టడం లాభం. తెడ్డు ఆకు వెడల్పుగా ఎందుకు చెక్కుతారో మనకి తెలుసు కదా, ఇదీ అంతే. అందుకే కొన్ని చిన్న మోటార్లలో గేరుని ఇంకా తగ్గించి, పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిప్పే రకం ఉంటది. బరువు పడవలకి, తెరచాప పడవలకి చేసినవి అవి. మరీ జోరుగా తిప్పితే ఏమవుతదో 1894లో పార్సన్స్ చేసిన టర్బీనియా అనే ఓడ చూపించింది. కొత్త ఆవిరి టర్బైను, ఒకటే ఫ్యాను, విపరీతమైన వేగం. నీళ్ళు బుడగలై విరిగిపోయాయి, ఓడ అనుకున్నట్టు కదల్లేదు. చివరికి మూడు రాడ్లకి మూడేసి చొప్పున 9 ఫ్యాన్లు పెట్టి, బలాన్ని పంచితే 34 నాట్లు పోయింది.

బిగించే చోటు గురించి కూడా చెప్పాలి, అసలు చిక్కంతా పాత పడవకి అక్కడే. చిన్న మోటార్లు ఎక్కువగా 15 అంగుళాల పొట్టి కాలు, 20 అంగుళాల పొడుగు కాలు అని వస్తాయి. ఫ్యాను పైన అడ్డంగా ఒక రేకు ఉంటది. అది పడవ అడుగుకి సమానంగా గానీ ఒక అంగుళం కిందికి గానీ ఉండాలి. పైకుంటే ఫ్యాను గాలి పీల్చి, ఇంజన్ ఊరికే అరుస్తది, పడవ కదలదు. మరీ కిందికుంటే రాళ్ళకి తగుల్తది. మా పడవ వెనక కొస మొనతేలి ఉంది. మొదటిసారి మేం ఒక పలక తెచ్చి నాలుగు మేకులు కొట్టి మోటారు తగిలించాం. సిగ్గుపడాల్సిన పని. మోటారు నెట్టే బలమంతా ఆ మేకుల మీదే. వడ్రంగి అన్న వచ్చి చూసి, లోపల తుప్పు పట్టిన పాత మేకులు, నాని మెత్తబడిన చెక్క చూపించాడు. ఇప్పుడు ఆ కొస కోసి, మద్ది చెక్క పలక పెట్టి, లోపలి నుంచి ఆనుడు కర్ర వేసి, ఇటు నుంచి అటు బోల్టులు బిగించాడు. క్రీ వాళ్ళు చేసిందే, మేం చాలా ఆలస్యంగా చేశాం. మోటారుకి విడిగా ఒక తాడు కూడా కట్టాం, ఊడినా నదిలో పోకుండా.

లాంగ్ టెయిలా, మామూలు మోటారా అని ఊళ్ళో పెద్ద గొడవే జరిగింది. ఎండాకాలం శబరిలో రాళ్ళు, ఇసుక. లాంగ్ టెయిల్ అయితే లేపుకుంటూ పోవచ్చు, కూనవరంలోనే బాగుచేయించుకోవచ్చు అని ఒక జట్టు. వరదలో దుంగలు కొట్టుకొస్తుంటే రివర్స్ లేకుండా, పొడుగు రాడ్డుతో గబుక్కున తిప్పలేం అని ఇంకో జట్టు. మాలో కూడా రెండు అభిప్రాయాలున్నాయి. మామయ్య ఒకటే అడిగాడు, "మీకు ఇంజన్ ఎండాకాలానికి కావాలా, వరదకి కావాలా?" ఎండాకాలంలో గడతో పోవచ్చు. 2022 గుర్తొచ్చి వరద వైపే మొగ్గాం.

25 అమ్మేశాం, కొన్నదానికన్నా తక్కువకే. తెలిసినవాళ్ళ దగ్గర 9.9 మోటారు ఒకటి పరీక్షకి అరువు తెచ్చాం. నెమ్మదిగా తిరిగే గేరు, పెద్ద ఫ్యాను, తక్కువ పిచ్. సంక్రాంతి తర్వాత ఏడుగురు మనుషులు, నాలుగు బస్తాల ఇసుకతో దింపాం. ముగ్గురిని వెనక కాకుండా మధ్యలో, ట్యాంకు ముందు వైపు. ఫోన్‌లో వేగం చూశాం. సగం యాక్సిలరేటర్ మీద గంటకి 8 కిలోమీటర్లు. పూర్తిగా తిప్పితే తొమ్మిదిన్నర. ఆ ఒకటిన్నర కోసం పెట్రోలు దాదాపు రెట్టింపు పోయింది. తోక మునగలేదు. చుట్లు మాత్రం ఇంకొంచెం తక్కువగానే ఉన్నాయి, పిచ్ ఇంకో అంగుళం తగ్గించాల్సి రావచ్చు. చందా ఇంకా కొంత కావాలి, వానల లోపు సొంతది కొనాలని మా తాపత్రయం.

తెడ్లు నాలుగూ, గడలు రెండూ పడవలోనే ఉన్నాయి. బెస్ గారికి చెప్పదల్చుకున్నది అదే. మోటారు ఆగిపోయిన రోజున దాటించేది అవే కాబట్టి కొత్త కుర్రాళ్ళకి ఇంజన్ నేర్పేముందు తెడ్డు నేర్పుతున్నాం. ఫ్యాను రాయికి తగిలితే గేరుని కాపాడ్డానికి తనే విరిగే చిన్న పిన్ను ఒకటి చాలా చిన్న మోటార్లలో ఉంటది, అలాంటి మోటారైతే ఆ పిన్నులు ఓ అరడజను దగ్గర పెట్టుకోండి. లైఫ్ జాకెట్లు లేకుండా దింపొద్దు. 2018లో మంటూరు దగ్గర, 2019లో కచ్చులూరు దగ్గర ఏమైందో ఈ గ్రూపులో ఎవరికీ చెప్పక్కర్లేదు.

మన నది ఊళ్ళల్లో మొదటి ఇంజన్ పడవ ఎవరిది, ఏ ఏట వచ్చింది, ఎన్ని హెచ్‌పీ, ఏ రేవు నుంచి ఏ సంతకి తిరిగింది అన్నది తాతల్ని, లాంచీల మీద చేసిన సరంగుల్ని, కళాసీల్ని అడిగి కామెంట్లలో రాయండి. చాలా ఊళ్ళు పునరావాస కాలనీలకి వెళ్ళిపోయాయి, పడవలు అక్కడ లేవు, వాటి సంగతి తెలిసినవాళ్ళు ఉన్నారు. పాత ఫోటోలుంటే పెట్టండి. 9.9 మోటారుకి 6 లేదా 7 పిచ్ ఫ్యాను ఎవరి దగ్గరైనా ఉంటే దాని బొడ్డు మీద అంకె ఫోటో తీసి మాకు పంపండి.

జోహార్.
శబరి ఒడ్డు విద్యార్థులం.